చదువు నడుమ కాయకము

(యువజన పాఠము – ఇంటి పెద్దలును, కళాశాలలో చదువుకొను పిల్లలును కలిసి చదువుటకు)

ఒక గృహమును మనస్సున నిలుపుకొందము. జహీరాబాదు వంటి పట్టణము. చిన్న బట్టల అంగడి. ఇంటి పెద్దకుమారుడు హైదరాబాదునందు ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదువుచు, రెండవ సంవత్సరము పూర్తిచేసి వేసవి సెలవులకు ఇంటికి వచ్చెను. రాత్రి భోజనములైన పిదప తండ్రియొద్ద కూర్చుండి, "నాన్నా, ఒక సంవత్సరము చదువు ఆపి ఏదైన పని చేసెదను. ఈ చదువు నాకు తగునో తగదో తెలియుట లేదు. తెలియకయే ఇంకను రెండేండ్లు మీ డబ్బు ఖర్చు పెట్టించుటకు మనసొప్పుట లేదు" అనెను.

తల్లి కంట నీరు పెట్టుకొనెను. తండ్రి, "నలుగురిలో తల ఎత్తుకొనుట ఎట్లు? ఒకసారి మానినవాడు మరల పుస్తకము పట్టుట ఎక్కడనైన చూచితిమా?" అని కసరెను. తాతగారు మాత్రము కొంతసేపు మాటాడక, పిమ్మట మనుమని చూచి మూడు ప్రశ్నలు వేసెను: "ఏమి పని చేసెదవు? ఎన్నాళ్ళు చేసెదవు? ఆ పని వలన ఏమి తెలిసికొనవలెనని నీ కోరిక?"

మూడింటిలో ఒకదానికిని కుమారునివద్ద జవాబు లేకపోయెను.

ఈ పాఠమంతయు ఆ మూడు ప్రశ్నలను ఆశ్రయించియున్నది. వానికి జవాబు కుదిరిన యెడల అది చదువునకు విరామము. కుదరని యెడల అది చదువు మానుటయే. పేరు మాత్రము వేరు. ఈ రెంటికిని గల భేదము తిరిగివచ్చునపుడు ఏర్పడునది కాదు, ఇల్లు వెడలుటకు ముందే ఏర్పడవలసినది.

1. మొదట కారణమును గుర్తించుట

"చదువు వద్దు" అను ఒక్క మాట వెనుక వేర్వేరు కష్టములు దాగియుండును. వైద్యుడు జ్వరమని విన్నంతనే మందు ఇయ్యడు గదా! ఏ జ్వరమో చూచును. అట్లే తలిదండ్రులును చూడవలెను.

కొందరికి కష్టము ధనము. ఫీజు కట్టలేక, ఇంటిమీద భారము వేయలేక, పిల్లవాడు చదువుమీద నెపము పెట్టును. ఇతనికి విరామముకంటె ముందు కావలసినది ఉపకారవేతనము, బ్యాంకు ఋణము, బంధువుల సహాయము మొదలగు దారులను వెదకుట. వానిని వెదకకయే చదువు ఆపుట తొందరపాటు.

కొందరికి కష్టము ఎన్నుకొన్న శాఖ. ర్యాంకు వచ్చిన చోట చేరిరే గాని మనసు పడిన చోట కాదు. అట్టివారికి పనిచేయుట నిజముగా మేలు చేయును; పుస్తకములో అర్థము కానిది పనిలో అర్థము కావచ్చును, లేదా తన మార్గము వేరని నిశ్చయముగా తెలియవచ్చును.

కొందరికి కష్టము తప్పిన పరీక్షలు. నాలుగైదు బ్యాక్‌లాగులు మిగిలి, సహాధ్యాయులను చూచుటకు సిగ్గుపడి దూరముగా పోగోరుదురు. వీరు పనిలో చేరినను ఆ భయము వెంటనే వచ్చును. మొదట ఎన్ని సబ్జెక్టులు మిగిలినవో కాగితముమీద వ్రాసికొని, వానిని తీర్చు ఉపాయము చూచినచో విరామపు ఆలోచనయే తొలగవచ్చును.

ఇక నాల్గవది మిక్కిలి జాగ్రత్తగా చూడవలసినది. నిద్ర పట్టకుండుట, తిండి మీద విముఖత, ఎవరితోను మాటాడకుండుట, "నేనుండి ఏమి లాభము" అను మాట – ఇవి కనబడినచో అది సోమరితనమును కాదు, శాఖ విషయమును కాదు. దానికి పని మందు కాదు. వైద్యుని చూపవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై రాత్రింబవళ్ళు ఉచితముగా పలుకును, తెలుగులోను మాటాడవచ్చును. ఇందు సిగ్గుపడవలసినదేమియు లేదు.

2. పని చేయుట పడిపోవుట కాదు

మన ఇండ్లలో ఒక విచిత్రము కలదు. కాయకమును గూర్చి సభలలో గొప్పగా చెప్పుకొందుము. కుమారుడు చదువు నడుమ పనికి పోయెదనన్నచో తలవంపులందుము. ఈ రెండు మాటలును ఒక నోట పొసగవు.

బసవేశ్వరుడు బాల్యమున ఉపనయనమును నిరాకరించి ఇల్లు విడిచి, కూడలసంగమమున విద్యాభ్యాసము చేసెననియు, పిమ్మట మంగళవాడలో బిజ్జలుని కొలువున లెక్కలు చూచు గణకుడుగా కుదురుకొనెననియు, ఆ పనియందలి నేర్పు, నిజాయితీ వలన భాండాగారమును చూచు బాధ్యత లభించెననియు సంప్రదాయ చరిత్రలు చెప్పుచున్నవి. ఆయన చుట్టును చేరిన శరణులలో బట్టలుతుకు మాచయ్య, పడవ నడపు చౌడయ్య, త్రాళ్ళు పేనిన చందయ్య, బుట్టలల్లిన కేతయ్య ఉండిరి. అనుభవ మంటపమున వారి మాటకు గౌరవము తగ్గలేదు. వారి జ్ఞానము వారి చేతిపనినుండి వేరుగా పెరుగలేదు.

అయితే కాయకమునకు హద్దు కలదని నేర్పిన కథయు మనకున్నది. ఆయ్దక్కి మారయ్య కల్యాణ వీథులలో రాలిన బియ్యమును ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినపుడు, భార్య లక్కమ్మ ఆ అధికమును అంగీకరింపక, తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. పనికి ప్రయోజనమెంతయో తెలిసియుండవలెను. అది మించినచో పని ఆశగా మారునని ఆ తల్లి బోధ. చదువు నడుమ పనికి పోవు యువకుడు ఈ కథను మరువరాదు. మొదటి నెల జీతము చేతికి వచ్చినపుడు కలుగు రుచి అట్టిది.

చదువును పనిని ఒకదాని వెంట ఒకటిగా నడుపుట నేటి విద్యాలోకమునకును క్రొత్త కాదు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయమున హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు 1906లో, ఇంజనీరింగు విద్యార్థులు కొంతకాలము తరగతిలోను కొంతకాలము కర్మాగారములోను గడుపు పద్ధతిని ప్రారంభించెను. మన పాలిటెక్నిక్కులలో కొన్నిట గల మూడున్నర సంవత్సరముల శాండ్‌విచ్ డిప్లొమాలలో పరిశ్రమలో శిక్షణ చదువులో భాగమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020–21 నుండి డిగ్రీ విద్యార్థులకు మొత్తము పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చెను. కావున పనికి పోవుట తప్పు కాదు. త్రోవ తెలియక పోవుట తప్పు.

3. తలుపు మూసికొనకుండ వెడలుట

విరామము తీసికొన్నవారిలో తిరిగి చేరలేకపోయినవారు కొందరు చదువు రాక ఆగినవారు కారు. కాగితము లేక ఆగినవారు. కళాశాలకు చెప్పకయే పోవుట మానివేయుదురు. హాజరు తగ్గును. సాంకేతిక విశ్వవిద్యాలయములలో సాధారణముగా 75 శాతము హాజరు కావలెను. మరీ తగ్గినచో ఆ సెమిస్టరు పోవును. అపుడు అతడు అనుమతితో ఆగినవాడు కాడు, నిలిపివేయబడినవాడు. కావున ఈ క్రింది విషయములను వెడలుటకు ముందే విచారించి, వ్రాతమూలముగా పొందవలెను.

మొదటిది, అనుమతి. ప్రిన్సిపాలునకు దరఖాస్తు వ్రాసి, ఏ సెమిస్టరు పూర్తి అయినదో, ఏ సెమిస్టరున తిరిగి చేరగోరుచున్నాడో తెలిపి, దాని ప్రతిపై అందినట్లు ముద్ర వేయించుకొనవలెను. సెమిస్టరు నడుమ ఆగుటకంటె పరీక్షలు వ్రాసి, ఒక సంవత్సరము పూర్తిచేసి ఆగుట మేలు. వ్రాసిన పరీక్షలు వృథా పోవు.

రెండవది, గడువు. జె.ఎన్.టి.యు. వంటి విశ్వవిద్యాలయముల నియమములలో నాలుగేండ్ల బి.టెక్. కోర్సును చేరిన నాటినుండి ఎనిమిదేండ్లలో ముగించవలెను. ఒక సంవత్సరపు విరామమునకు ఇందు చోటున్నది; అనేక సంవత్సరముల నిర్లక్ష్యమునకు లేదు. మరియొక చిక్కు: కొన్నేండ్లకొకసారి పాఠ్యప్రణాళిక మారుచుండును. తిరిగివచ్చినవాడు క్రొత్త ప్రణాళికలో చేరవలసివచ్చి, అదనముగా ఒకటి రెండు సబ్జెక్టులు చదువవలసివచ్చును. ఈ విషయమును పరీక్షల విభాగమున ముందే అడిగి తెలిసికొనవలెను.

మూడవది, బి.ఏ., బి.కాం., బి.యస్సి. వంటి డిగ్రీ చదువువారి సంగతి. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలను వెలువరించెను. ఉత్తీర్ణమైన సబ్జెక్టుల క్రెడిట్లు బ్యాంకులో సొమ్మువలె విద్యార్థి పేర జమ అగును, ఏడేండ్లవరకు చెల్లును. 2022 డిసెంబరునాటి ప్రణాళిక ప్రకారము, కావలసిన క్రెడిట్లును ఒక వృత్తి శిక్షణయు పూర్తిచేసినవారు మొదటి సంవత్సరము తరువాత సర్టిఫికెట్టుతో, రెండవ సంవత్సరము తరువాత డిప్లొమాతో వెలుపలికి రావచ్చును. మూడేండ్లలోపల తిరిగి చేరి, మొత్తము ఏడేండ్లలో డిగ్రీ ముగించవచ్చును. అయితే ఈ పద్ధతిని అన్ని విశ్వవిద్యాలయములును ఒకే రీతిగా అమలుపరచుట లేదు. తన కళాశాల మాటయే ప్రమాణము.

నాల్గవది, ఉపకారవేతనము. ప్రభుత్వపు ఫీజు రీయింబర్స్‌మెంటు హాజరుతో ముడిపడినది. ఆగిన సంవత్సరమునకు అది రాదు. తిరిగి చేరినపుడు మరల మంజూరగునా, లేదా అను సంగతిని సంక్షేమశాఖ కార్యాలయమున కనుగొనవలెను.

ఐదవది, అసలు ధ్రువపత్రములు. పదవ తరగతి, ఇంటర్మీడియట్ అసలు పత్రములను విద్యాసంస్థలు తమయొద్ద ఉంచుకొనరాదని యు.జి.సి. 2018లో స్పష్టముగా ఆదేశించెను. వానిని వినయముగా అడిగి తెచ్చుకొనవలెను. పనిలో చేరు చోటను నకళ్ళు మాత్రమే ఇచ్చి, అసలువానిని ఇంటి పెట్టెలో భద్రపరచవలెను.

4. తాతగారి లెక్క

మన కథలోని ఇంట మరునాటి ఉదయము తాతగారు అంగడి లెక్కపుస్తకము తీసి, మనుమని ఎదుట కూర్చుండబెట్టుకొని వ్రాయించెననుకొందము.

"పని దొరకుటకు ఒక నెల పోయినది. మిగిలినవి పదకొండు నెలలు. జీతమెంత వచ్చును?"

"పన్నెండు వేలు రావచ్చును, తాతయ్యా."

"గది అద్దె, భోజనము, రాకపోకలు?"

"ఎనిమిది వేలు."

నెలకు మిగులు 4,000. పదకొండు నెలలకు 44,000. బ్యాంకులో చదువుఋణము 3,00,000 ఉన్నది. వడ్డీ నూటికి సంవత్సరమునకు పది చొప్పున 30,000. చదువు ఆగినను వడ్డీ ఆగదు. మిగిలినది 14,000. దానిలో పండుగకు ఇంటికి వచ్చిపోవు ఖర్చును, జ్వరము వచ్చినపుడు వైద్యుని ఖర్చును తీయవలెను. పైగా డిగ్రీ చేతికి వచ్చుట ఒక సంవత్సరము వెనుకబడును.

మనుమడు లెక్కను రెండుసార్లు చూచెను. తాతగారు పుస్తకము మూసి, "చూచితివా? ఈ సంవత్సరము నీవు సంపాదనకు పోవుట లేదు. తెలిసికొనుటకు పోవుచున్నావు. తెలిసికొనకయే తిరిగివచ్చితివా, ఈ సంవత్సరమంతయు నష్టపు పద్దే" అనెను.

ప్రతి ఇంటి లెక్కలోను అంకెలు వేరుగా ఉండును. కాని లెక్క వేయుట మాత్రము అందరును చేయవలెను. చదువుఋణము గలవారు మరియొక సంగతి గమనించవలెను. సాధారణముగా వాయిదాలు కోర్సు ముగిసిన ఒక సంవత్సరమునకు ఆరంభమగును. కోర్సు కాలము పెరుగుచున్నదని బ్యాంకునకు తెలుపకపోయినచో, పాత తేదీనుండియే వాయిదాలు అడుగుదురు. మేనేజరునకు కళాశాల అనుమతిపత్రము చూపి, గడువు పొడిగించుమని వ్రాతమూలముగా కోరవలెను.

5. ఎట్టి పని చేయవలెను?

దొరకిన పనిలో చేరుట వేరు, తన సందేహమును తీర్చు పనిలో చేరుట వేరు. ఎలక్ట్రికల్ శాఖ తనకు తగునో లేదో తెలియగోరువాడు ఫోనులు అమ్ము అంగడిలో నిలుచుండినచో సంవత్సరము గడచును గాని సందేహము తీరదు. మోటార్లకు తీగె చుట్టు అంగడిలోనో, స్విచ్చు బోర్డులు కూర్చు చిన్న కర్మాగారములోనో, సౌర ఫలకములు అమర్చువారివద్దనో సహాయకుడుగా చేరినచో మూడు నెలలకే అతనికి తన మనస్సు తెలియును. ఉపాధ్యాయుడు కాగోరువాడు ట్యూషను చెప్పి చూడవలెను. వ్యాపారమువైపు మనసు పోవువాడు తండ్రి అంగడిలోనే కూర్చుండవచ్చును. కాని యజమాని కొడుకుగా కాదు, జీతము తీసికొను గుమాస్తాగా, వేళకు వచ్చి వేళకు పోవుచు, సరకు లెక్క తానే వ్రాయుచు. పరిశ్రమలలో అప్రెంటిసులుగా చేరుటకును 1961నాటి అప్రెంటిసుల చట్టము క్రింద అవకాశములు కలవు. తన విద్యార్హతకు ఏది వర్తించునో విచారించి చేరవలెను.

పనిలో చేరునపుడు మూడు జాగ్రత్తలు. ఉద్యోగమిప్పించెదమని ముందుగా సొమ్ము కట్టించుకొనువారిని నమ్మరాదు. రెండేండ్లు, మూడేండ్లు కదలరాదని ఒప్పందము వ్రాయించుకొను చోట చేరరాదు. అది తిరిగి చేరు తేదీని మ్రింగివేయును. జీతము, పనివేళలు వ్రాసిన నియామకపత్రమును అడిగి తీసికొనవలెను. చేసిన పనికి చివర ఒక అనుభవపత్రము వచ్చినచో, విరామ సంవత్సరమును గూర్చి రేపు ఎవరడిగినను చూపుటకు ఆధారముండును.

పుస్తకమును పూర్తిగా వదలరాదు. గణితము ఇనుమువంటిది, వాడనిచో త్రుప్పు పట్టును. వారమునకు రెండు పూటలైన పాత పాఠములు తిరుగవేయవలెను. మిగిలిన సబ్జెక్టుల సప్లిమెంటరీ పరీక్షలు ఈ కాలములో వ్రాయుటకు వీలున్నదా అని అడిగి, ఉన్నచో వ్రాసి ముగించవలెను.

6. తేదీయును, తిరిగి నిర్ణయించుటయును

కళాశాలలో తిరిగి చేరుటకు గడువు తేదీ ఏదో తెలిసికొని, దానికి రెండు నెలల ముందటి ఒక దినమును ఇంటి క్యాలెండరులో గుర్తుపెట్టవలెను. ఆ దినమున ఇంటిల్లిపాదియు కూర్చుండి మాటాడవలెను. అంతవరకు "ఎపుడు చేరెదవు?" అని పెద్దలు నిత్యము పొడువరాదు, ఆ దినము వచ్చినపుడు "ఇంకొన్నాళ్ళు చూచెదను" అని పిన్నలు దాటవేయరాదు. ఇది ఉభయుల ఒప్పందము.

ఆ దినమున నాలుగు దారులు కనబడును. అదే చదువునకు తిరిగిపోవుట ఒకటి. శాఖనో కోర్సునో మార్చుకొనుట రెండవది. పని చేయుచునే దూరవిద్యలో డిగ్రీ చదువుట మూడవది. 1982లో హైదరాబాదున స్థాపితమై, తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేరు పొందిన సంస్థ ఇట్టివారి కొరకే వెలసినది, తెలుగు మాధ్యమమునను చదువవచ్చును. చదువు చాలించి వృత్తిలోనే నిలుచుట నాల్గవది. ఇది మిక్కిలి ఆలోచించి ఎన్నుకొనవలసిన దారి. మూడు నెలల జీతపు రుచి వలన కాక, ఆ వృత్తిలో పదేండ్ల తరువాత తన స్థితి ఏమగునో అందున్న పెద్దవారిని చూచి, అడిగి, తెలిసికొన్న పిదపనే నిర్ణయించవలెను.

ఈ నాలుగింటిలో ఏది ఎన్నుకొన్నను అది నిర్ణయమగును. ఏదియు ఎన్నుకొనక తేదీని జారవిడుచుట మాత్రము నిర్ణయము కాదు.

మఠములవారికిని ఒక విన్నపము. విద్యార్థి వసతిగృహమునందు ఉన్న పిల్లవాడు ఒక సంవత్సరము ఆగెదనన్నచో, అతని పేరు కొట్టివేయుటకు ముందు పిలిచి కారణమడుగుడు. తిరిగివచ్చినపుడు చోటు దొరకునన్న ఒక్క మాట అతనిని తిరిగి చదువునకు రప్పించవచ్చును.

మన కథలోని తండ్రి చివరకు ఏమనెను? వారము దినములు మాటాడలేదు. పిమ్మట ఒక సాయంకాలము అంగడి మూసివచ్చి, కుమారుడు వ్రాసిన దరఖాస్తును చదివి, తిరిగి చేరు నెల ఎచట వ్రాసితివని అడిగెను. అది వ్రాయలేదు. "అది వ్రాసి తెమ్ము. రేపు నేనును నీ వెంట కళాశాలకు వచ్చెదను" అనెను.

ఇంట కూర్చుండి ఆలోచించుటకు ప్రశ్నలు

1. నేను చదువు ఆపగోరుటకు నిజమైన కారణమేది? దానిని ఒక్క వాక్యమున వ్రాయగలనా?

2. ఏ పని చేసెదను? ఆ పని నా సందేహమును ఎట్లు తీర్చును?

3. తిరిగి చేరు నెల ఏది? అది కళాశాల కాగితముమీద ఉన్నదా?

4. మన ఇంటి లెక్కలో ఈ సంవత్సరపు ఆదాయమెంత, వడ్డీ ఎంత, మిగులెంత?

5. తలిదండ్రులకు: కుమారుడు, కుమార్తె పనిచేయుచున్నారని బంధువులతో చెప్పుటకు సంకోచించుచున్నామా? సంకోచించినచో, కాయకమును గూర్చి మనము చెప్పుకొను మాటలకు అర్థమేమి?